పైపు చివర రెండో చప్పుడు

"బాపూ, మంటకు సప్పుడుంటదా?"

మా బిడ్డ ఈ మాట అడిగినప్పుడు నేను సూరత్ డిండోలిలోని మా రెండు గదుల ఇంట్లో గడప దగ్గర కూర్చుని, పాత లాగరిథం పట్టికల పుస్తకానికి కొత్త అట్ట వేస్తున్నాను. తలెత్తకుండానే జవాబు చెప్పాను.

"ఉండకపోవుడేంది బిడ్డా? మీ అవ్వ గ్యాస్ పొయ్యి ముట్టిస్తే భగ్గుమంటలేదా?"

"గది కాదు బాపూ. ఇమానం ఇంజన్ లోపలి మంట. గా సప్పుడు ఏడ పుడ్తది, ఎట్ల పుడ్తది? గదే నా ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్. సర్ టాపిక్ పంపిండు."

వంటింట్లోంచి నా భార్య గొంతు వచ్చింది. "మనింట్ల ఇమానం ఎక్కినోళ్లు ఎవ్వలు లేరు. దాని సప్పుడు మనకెందుకట?"

"ఎక్కనోళ్లకే గదనే అది ఎక్కువ ఇనవడేది," అన్నాను. మా బిడ్డ నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

కరోనా వచ్చిన రెండో ఏడాది అది. మొదటి లాక్‌డౌన్ అయిపోయి మగ్గాలు సగం సగం నడుస్తున్నాయి. కాలేజీ మాత్రం తెరవలేదు. మా బిడ్డ మెకానికల్ ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువంతా ఫోన్‌లోనే నడిచింది. ల్యాబుకు తాళం. ఉద్యోగాలివ్వడానికి కాలేజీకి రావలసిన కంపెనీలు ఒక్కటీ రాలేదు. ఉన్నదల్లా ఒకే ఒక దారి. బెంగళూరులో ఇంజన్ల మీద పరిశోధన చేసే ఒక ల్యాబులో ప్రాజెక్ట్ అసిస్టెంట్ పోస్టు ఒకటి ఉందని, ఒక విద్యార్థి పేరు పంపమన్నారని ఆమె సర్ చెప్పాడు. ముగ్గురు అడుగుతున్నారు. నెట్‌లోంచి తీసి రాసిన రిపోర్టులు తనకు వద్దని, సొంతంగా కొలిచిన లెక్క ఒక్కటైనా చూపించిన వాళ్ల పేరే పంపుతానని ఆయన ముందే తేల్చేశాడు. ల్యాబు మూసేసి సొంతంగా కొలవమంటే ఎలా అని మిగతా ఇద్దరూ గొణిగారట. మా బిడ్డ గొణగలేదు గానీ, ఆ రోజు నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు. చిన్నప్పటి నుంచి ఆమెకు ఇంజన్లంటే పిచ్చి. వేరే పని చేస్తూ బతకగలదు, కానీ నవ్వుతూ చేయదు. నాకు అది తెలుసు.

నా గురించి రెండు మాటలు. సిరిసిల్ల వైపు నుంచి పదిహేనో ఏట నాన్న వెంట సూరత్ వచ్చాను. పదో తరగతితో చదువు ఆగింది. మగ్గం ఆగితే బాగుచేసే మాస్టర్‌ని. ముప్పై ఏళ్లకు పైగా అదే పని. మిగిలిన సమయమంతా అంకెలు. పాత పుస్తకాల బండి మీద దొరికిన పట్టికలు, గణితం పుస్తకాలు కొనుక్కుని, వర్గమూలాలు, లాగరిథంలు, త్రికోణమితి ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాను. లెక్క సరిపోయిన రోజు నాకు రెండు ముద్దలు ఎక్కువ పోతాయి. సరిపోకపోతే మా ఆవిడ పళ్లెం తీసేసినా గమనించను.

కాబట్టి మంట చప్పుడు మా ఇంట్లోకి వచ్చిన రోజు నాకు పండగే.

మా బిడ్డ వారం రోజులు చదివి, ఒక ఆదివారం మధ్యాహ్నం గోడకు చార్ట్ అంటించి నాకు పాఠం చెప్పింది. విమానం ఇంజన్ చప్పుడు ఒకటి కాదు. ముందున్న పెద్ద ఫ్యాను చప్పుడు వేరు, వెనక నుంచి దూసుకొచ్చే గాలి చప్పుడు వేరు. వీటి కింద దాక్కుని మంట చప్పుడు ఉంటుంది. ఇంజనీర్లు ఏళ్ల తరబడి ఫ్యాను చప్పుడూ, గాలి చప్పుడూ తగ్గించుకుంటూ వచ్చారు. తగ్గేసరికి అడుగున ఉన్న మంట చప్పుడు పైకి తేలింది. లాక్‌డౌన్‌లో మగ్గాలన్నీ ఆగిపోయినప్పుడు మా ఇంటి ఫ్రిజ్ ఇంత మోత చేస్తుందా అని మేం ఆశ్చర్యపోయినట్టు.

"అయితే బాపూ, గీ మంట సప్పుడు మల్ల రెండు తీర్లు. ఒకటి సీదా. మంట ఒక్క తీరుగ మండదు, ఎక్కువ తక్కువ అయితుంటది. ఎక్కువైనప్పుడు గాలి ఉబ్బుతది, తక్కువైతే ముడుచుకుంటది. ఆ ఉబ్బుడు ముడుసుడే సప్పుడు."

"సమజైంది. రెండోది?"

"రెండోదే మస్తుంటది! మంట ఒక్క తీరుగ లేకుంటే ఏమైతది? గాలిల ఒక ముద్ద ఎక్కువ వేడిగ, ఒక ముద్ద తక్కువ వేడిగ పోతది. ఆ వేడి ముద్ద సప్పుడు చెయ్యది. గాలితోని మెల్లగ పోతది. పోయి పోయి, టర్బైన్ కాడ ఇరుకు సందు వస్తది సూడు, ఆడ గాలి ఒక్కసారి ఉరుకుతది. వేడి ముద్ద ఆ సందుల పడంగనే సప్పుడు పుడ్తది. మంట ఏడనో, సప్పుడు ఏడనో!"

నేను లేచి నిలబడ్డాను. ఇది నాకు తెలిసిన విషయమే! మగ్గం వెనక రోలర్ మీద చుట్టిన వేల దారాల్లో ఎక్కడో ఒక ముడి ఉంటుంది. ఆ ముడి దారంతో పాటు గజాల కొద్దీ చప్పుడు లేకుండా ముందుకు వస్తుంది. దువ్వెన పళ్లలాంటి రీడు దగ్గరికి వచ్చి ఆ ఇరుకు సందులో పడగానే 'టక్' అంటుంది. కొత్తవాడు రీడును తిడతాడు. మాస్టర్ మాత్రం వెనక్కి వెళ్లి, ముడి వేసిన చేతిని తిడతాడు.

ఈ సంగతి చెప్పగానే మా బిడ్డ నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. "అరే బాపూ, బిల్‌కుల్ అదే! గిది మా సర్‌కు చెప్తా!"

"చెప్పుడు కాదు, కొలుద్దాం," అన్నాను. నోట్లోంచి వచ్చేశాక గానీ ఎంత మాట అన్నానో తెలియలేదు. "ముడి ఎంత దూరం పోవాలె, దారం ఎంత జోరుగ పోతది తెలిస్తే, 'టక్' ఎప్పుడు వస్తదో ముందే చెప్పొచ్చు. మొదటి సప్పుడు, రెండో సప్పుడు. నడుమ టైం ఎంత? గదే మన లెక్క."

మంట పెట్టక్కర్లేదని మా బిడ్డే చెప్పింది. పైపులో గాలి వదిలి, ఒక కరెంటు కాయిల్‌ను క్షణం పాటు వేడి చేస్తే చాలు. కాయిల్ వెలిగినప్పుడు గాలి ఉబ్బి మొదటి చప్పుడు. ఆ వేడి ముద్ద పైపు చివర సన్న రంధ్రం చేరినప్పుడు రెండో చప్పుడు. కానీ రంధ్రంలో గాలి బాగా దూసుకుపోవాలంటే పెద్ద కంప్రెసర్ కావాలి.

కంప్రెసర్ ఉంది. నేను పనిచేసే కార్ఖానా కామ్‌రేజ్ వైపు ఉంటుంది. రెండు షెడ్లు. ఒకదాంట్లో దారాన్ని అటూ ఇటూ మోసే షటిల్‌తో నడిచే పాత మగ్గాలు, రెండోదాంట్లో గాలితో దారం విసిరే కొత్త మగ్గాలు. కొత్త మగ్గాలు నడిపేవాళ్లు మొదటి లాక్‌డౌన్‌లో ఊళ్లకు వెళ్లి తిరిగి రాలేదు. ఆ షెడ్డు మూసే ఉంది. వాటికి గాలినిచ్చే కంప్రెసర్ దుప్పటి కప్పుకుని పడుకుంది.

మా శేఠ్ వరాఛాలో వజ్రాల పని నుంచి మగ్గాల్లోకి వచ్చినవాడు. వజ్రం వాళ్లకు కొలత అంటే గౌరవం. మగ్గాలు బంద్ ఉన్న రోజుల్లో వాడుకుంటామని అడిగితే, సరేనన్నాడు. మొదటి రోజు మేం పైపులు బిగిస్తుండగా మాస్కు గడ్డం కిందికి లాక్కుని వచ్చి చూశాడు.

"మాస్టర్, తోప్ బనా రహే హో క్యా?" ఫిరంగి చేస్తున్నారా అని.

"కాదు శేఠ్, విమానం."

"అచ్ఛా. ఉడే తో ముఝే భీ బిఠానా," ఎగిరితే తననూ ఎక్కించమని నవ్వుకుంటూ వెళ్లాడు.

ఒక్కోటి 1.6 మీటర్ల ఇనుప పైపు ముక్కలు నాలుగు. గాలి వచ్చే వైపు ఒకటి, ఆ తర్వాత కాయిల్, దాని తర్వాత మూడు ముక్కలు. అంటే కాయిల్ నుంచి చివరి రంధ్రం దాకా 4.8 మీటర్లు. పైపు లోపలి వెడల్పు నలభై మిల్లీమీటర్లు, రంధ్రం ఎనిమిది. వైశాల్యంలో ఇరవై అయిదు రెట్ల తేడా. రంధ్రంలో గాలి ధ్వని వేగంతో పోతుంది, అంతకన్నా జోరుగా పోలేదు. అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వస్తే పైపులో గాలి సెకనుకు దాదాపు ఎనిమిది మీటర్లు. నేను ఒక పద్ధతిలో, మా బిడ్డ ఇంకో పద్ధతిలో వేశాం, ఇద్దరికీ ఎనిమిదే వచ్చింది. 4.8ని ఎనిమిదితో భాగిస్తే 0.6. కాయిల్ వెలిగిన 0.6 సెకన్లకు రెండో చప్పుడు రావాలి. ఆ అంకెను నా నోట్‌బుక్‌లో పెద్దగా రాసి చుట్టూ గీత గీశాను.

పైపు గోడకు చిన్న బెజ్జం చేసి మైకు అమర్చి, గాలి బయటికి పోయే చోట పాత డ్రమ్ములో వేస్టు దారం కుక్కి, మొదటిసారి వదిలాం. వచ్చిందంతా గోల. లాప్‌టాప్‌లో గీత గడ్డి మొలిచినట్టుంది. అందులో మొదటి చప్పుడూ లేదు, రెండోదీ లేదు.

అక్కడ నాకు ఒక ఆలోచన వచ్చింది. గోలకు ఒక పద్ధతి లేదు, ఒకసారి పైకి పోతే ఒకసారి కిందికి పోతుంది. మన చప్పుడు ప్రతిసారీ అదే చోట వస్తుంది. నూరుసార్లు కాయిల్ వెలిగించి, నూరు గీతలను ఒకదాని మీద ఒకటి కలిపితే మన చప్పుడు నూరింతలవుతుంది. గోల మాత్రం తనను తాను కొట్టుకుని అంత పెరగదు. ఎంత పెరుగుతుంది? ఇంటికొచ్చి నాలుగు వందల చింతగింజల్ని ఒక పక్క అరగదీసి, చాట మీద పదే పదే విసిరి, తెల్లవి నల్లవి లెక్కపెట్టాను. తేడా మొత్తం మీద ఇరవైకి అటూ ఇటూ. ఇరవై అంటే నాలుగు వందలకు వర్గమూలం! అంటే నూరుసార్లు కలిపితే గోల పదింతలే అవుతుంది.

"ఊరంత ఆక్సిజన్ మీటర్లు పట్టుకుని కూసుంటే, ఈయన చింతగింజలు ఆడుతుండు," అంది మా ఆవిడ. "ఇగ పులుసుల గింజలు మిగలనియ్యడు."

"ఓసి, వర్గమూలం దొరికిందే!"

"దొరికితే దాన్నే తాలింపు పెట్టుకో."

మా బిడ్డకు ఈ నియమం పుస్తకంలో ముందే తెలుసట. అయినా నాకు చెప్పలేదు. "నువ్వే పట్టుకుంటవని చూస్తున్న బాపూ," అంది.

నూరుసార్లు కలపాలంటే కాయిల్ సరిగ్గా ఒకే తాళంలో వెలగాలి. చేత్తో స్విచ్ నొక్కితే ఆ నిలకడ రాదు. నిలకడ ఎక్కడ ఉంది? పక్క షెడ్డులో ఉంది! రెండు షెడ్ల మధ్య తలుపు పక్కనే, పైపుకు దగ్గరగా ఉన్న ఒక పాత మగ్గానికి షటిల్ తీసేసి, షటిల్‌ను కొట్టే కర్రల పట్టీలు విప్పి, ఎడమ పక్క కర్రను లేపే ఇరుసు దగ్గర ఒక స్విచ్ బిగించాను. ఇరుసు తిరిగినప్పుడల్లా స్విచ్ 'టిక్' మంటుంది, కాయిల్ వెలుగుతుంది. నేను మగ్గం పక్కన నిలబడి, గడియారం చూస్తూ, ముప్పై ఏళ్లుగా లెక్కపెడుతున్నట్టే నిమిషం లెక్కపెట్టాను.

"నూట ఇరవై," అని కేకేశాను.

నూట ఇరవై అంటే అర సెకనుకు ఒకటి. మా బిడ్డ రికార్డును సరిగ్గా అర సెకను ముక్కలుగా కోసి, అన్నింటినీ ఒకదాని మీద ఒకటి కలిపింది. గడ్డి మాయమైంది. గీత నున్నబడింది. దాని మీద రెండు గుట్టలు లేచాయి! ఒకటి మొదట్లోనే, రెండోది కాస్త చిన్నగా, వెడల్పుగా. మేమిద్దరం అరిచిన అరుపుకు వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

తర్వాత మా బిడ్డ కొలబద్ద పెట్టి చూసింది. ముఖం మారింది.

"బాపూ, రెండోది 0.1 దగ్గరుంది."

0.6 రావలసిన చోట 0.1.

మళ్లీ చేశాం. 0.1. కాయిల్‌కు కరెంటు తీసేసి మగ్గాన్ని ఒక్కదాన్నే తిప్పి చూశాం. రెండు గుట్టలూ లేవు. అంటే మగ్గం మోత కాదు, నిజంగా కాయిల్ వేడి వల్ల వచ్చిందే. మరి గాలి ఆరు రెట్లు జోరుగా ఎలా పోయింది? వెర్నియర్ పెట్టి రంధ్రం కొలిచాను. ఎనిమిదే. పైపు కొలిచాను. నలభయ్యే. మూడు రోజుల పాటు బస్టాపులో నిలబడి, భోజనం దగ్గర కూర్చుని, అదే లెక్క పదకొండుసార్లు వేశాను. పదకొండుసార్లూ 0.6 వచ్చింది.

వైవా నాలుగు రోజుల్లో ఉంది. మా బిడ్డ సర్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. స్పీకర్‌లో ఆయన మాటలు నేనూ విన్నాను. గుజరాతీ యాస హిందీలో నెమ్మదిగా చెప్పాడు.

"బేటా, నంబర్ కో మనానా నహీఁ. లెక్కయినా తప్పు, కొలతయినా తప్పు. ఏది తప్పో పట్టుకుంటే అది నీ ప్రాజెక్ట్. పట్టుకోలేకపోతే, సారీ, నేను వేరే పేరు పంపాలి." అంకెను బుజ్జగించవద్దని ఆయన చెప్పిన మాట నాకు నచ్చింది. ఆ పరిస్థితిలో కూడా నచ్చింది.

ఫోన్ పెట్టేశాక మా బిడ్డ గోడ వైపు తిరిగి అంది. "0.6 అని రాస్తే ఎవ్వలకు తెలుస్తది? గుట్ట ఉంది, లెక్క ఉంది. గీత కింద అంకెలు మారిస్తే అయిపోతది."

"రాస్తవా?"

లాప్‌టాప్ మూసేసింది. "రాయను. రాస్తే గీ పైపును మల్ల చూడబుద్ధి కాదు."

మరుసటి రోజు మధ్యాహ్నం మా ఆవిడ టిఫిన్ డబ్బా పట్టుకుని షెడ్డుకు వచ్చింది. ఆమె కూడా మగ్గాల ఇంట్లో పుట్టినదే, పెళ్లికి ముందు దారం కండెలు చుట్టేది. మేమిద్దరం పైపు చుట్టూ తిరుగుతుంటే తినమని మూడుసార్లు పిలిచి, విసిగిపోయి, తిరుగుతున్న పాత మగ్గం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. కాసేపటికి అడిగింది.

"ఏమయ్యా, గీ స్విచ్చు నిమిషానికి ఎన్నిసార్లు కొడ్తది?"

"నూట ఇరవై."

"నాకైతే అరవయ్యే ఇనవడ్తంది."

"నువ్వు ఒక్క పక్కే ఇంటున్నవ్," అన్నాను పైపు మీద నుంచి తల తిప్పకుండా. "డబుల్ జెయ్యాలె."

"డబుల్ ఎందుకు?"

"ఎందుకేంది? షటిల్‌ను ఒకపారి ఎడమ కర్ర కొడ్తది, ఒకపారి కుడి కర్ర కొడ్తది. నడిచే షెడ్డుల రెండు పక్కలా ఇననీకి రాదు. ఒక పక్క నిలబడి ఇని డబుల్ జేస్తం. గింత కూడ తెల్వదా, సాంచాల ఇంట్ల పుట్టి?"

"తెలుసు తియ్. మరి కుడి పక్క స్విచ్చేది?"

నేను పైపు వదిలేసి లేచాను.

కుడి పక్క స్విచ్ లేదు. ఎడమ పక్క ఒక్కటే బిగించాను. స్విచ్ అరవైసార్లే కొడుతోంది. నా చెవి అరవై విన్నది, నా నోరు నూట ఇరవై అన్నది. ముప్పై ఏళ్లుగా మగ్గం ముందు నిలబడితే చెవికీ నోటికీ మధ్య అంకె దానంతట అదే రెండింతలవుతోంది. అరవై అని చెప్పే మాస్టర్‌ని నేను నా జన్మలో చూడలేదు. ఇంజనీరు ఎవరైనా వచ్చి లెక్కపెట్టి ఉంటే అరవై అనే చెప్పి ఉండేవాడు. ఈ తప్పు చేయాలంటే మగ్గాల మాస్టరే కావాలి!

"బిడ్డా! అర సెకను కాదు! ఒక సెకను! ఒక సెకను ముక్కలుగ కొయ్యి!"

మా బిడ్డకు ఒక్క క్షణంలో అర్థమైంది. కాయిల్ సెకనుకు ఒకసారి వెలుగుతుంటే ఆమె అర సెకనుకు ఒకసారి కోసింది. 0.6 దగ్గర వచ్చే చప్పుడు మొదటి ముక్క దాటి, రెండో ముక్కలో 0.1 దగ్గర పడింది. రెండు ముక్కల్ని ఒకదాని మీద ఒకటి వేసేసరికి అది మొదటి చప్పుడు వెనకే వచ్చినట్టు కనబడింది. రికార్డులో తప్పేమీ లేదు. కోత తప్పు.

ఆమె మళ్లీ కోసింది. ఒక సెకను ముక్కలు. గీత వచ్చింది. మొదట్లో ఒక గుట్ట. తర్వాత చాలా దూరం నున్నగా, ఏమీ లేకుండా. ఆ తర్వాత రెండో గుట్ట.

కొలబద్ద నేనే పెట్టాను. 0.61.

మా బిడ్డ వాళ్ల అవ్వను స్టూలు మీద నుంచి లేపి గిర్రున తిప్పింది. "అయ్యో, డబ్బా పడ్తది, డబ్బా!" అని ఆమె అరుస్తూనే ఉంది. ఆ రోజు చల్లారిన అన్నం నేను ఎంత తిన్నానో నాకే తెలియదు.

వైవా రోజున మా బిడ్డ ఇంట్లో కూర్చోనంది. షెడ్డులోనే, పైపు పక్కనే లాప్‌టాప్ పెట్టింది. తెర మీద ఇద్దరు. ఒకరు ఆమె సర్, రెండోవారు బయటి కాలేజీ నుంచి వచ్చిన మేడమ్. నేనూ మా ఆవిడా మాస్కులు పెట్టుకుని కెమెరాకు అందకుండా నిలబడ్డాం. మా బిడ్డ తప్పుగా కోసిన గీతనూ చూపించింది, సరిగ్గా కోసిన గీతనూ చూపించింది. మగ్గం సంగతి చెప్పినప్పుడు సర్ పెద్దగా నవ్వాడు. మేడమ్ నవ్వలేదు.

"జవాబు ముందే తెలుసు," అంది మేడమ్ ఇంగ్లిషులో. తర్వాత మా బిడ్డ చెప్తే అర్థం తెలిసింది. "0.6 రావాలని తెలుసు, రానప్పుడు కోత మార్చారు, వచ్చింది. నేనెందుకు నమ్మాలి? ఆ రెండో చప్పుడు రంధ్రం దగ్గరే పుడుతోందని ఏమిటి రుజువు?"

మా బిడ్డ ఒకసారి పైపు వైపు చూసింది.

"మేడమ్, పది నిమిషాలు ఇవ్వండి. కాయిల్‌ను ఒక పైపు ముక్క ముందుకు జరుపుతాను. దూరం 4.8 నుంచి 3.2 మీటర్లవుతుంది. మొదటి చప్పుడు కదలకూడదు. రెండోది 0.4కు రావాలి."

"రాసి చూపించండి. చేసే ముందు."

మా బిడ్డ కాగితం మీద 0.4 అని రాసి కెమెరాకు చూపించి, సంతకం పెట్టింది. ఆ తర్వాత మైకు మూసి మా వైపు తిరిగింది.

"బాపూ! స్పానర్!"

ముప్పై ఏళ్లలో నేను ఎన్నో మగ్గాలు విప్పాను. శేఠ్ నెత్తి మీద నిలబడి అరుస్తుంటే కూడా విప్పాను. కానీ ఆ పది నిమిషాల్లో చేసినంత వేగంగా ఎప్పుడూ చేయలేదు. గాలి బంద్. కరెంటు బంద్. జాయింటుకు నాలుగు బోల్టులు. నేను పైన, మా ఆవిడ కింద.

"అటు కాదు, ఇటు తిప్పు!"

"నాకు తెలుసు, నువ్వు నీ దిక్కు సూస్కో!"

"వాషర్! వాషర్ ఏది?"

"నీ జేబుల ఉన్నది, ఇందాక నువ్వే పెట్టుకున్నవ్!"

కాయిల్ ముక్కను బయటికి తీసి, రంధ్రం వైపున్న ఒక పైపు ముక్కను గాలి వచ్చే వైపుకు చేర్చి, మళ్లీ బిగించాం. వేలు నలిగింది, రక్తం వచ్చింది, చూసుకోలేదు. మొత్తం పైపు పొడవు అంతే ఉంది, కాయిల్ ఒక్కటే 1.6 మీటర్లు రంధ్రానికి దగ్గరైంది. బోల్టులు బిగించి నేను చేయి ఎత్తే సరికి ఇంకా నిమిషన్నర మిగిలింది.

గాలి వదిలాను. మీటరు ముల్లు నిలకడగా నిలబడే దాకా చూసి మగ్గం నడిపించాను. టిక్. టిక్. టిక్. ఈసారి నేను అరవై అంటే అరవయ్యే లెక్కపెట్టాను, పెదవులు కదిలిస్తూ. మూడు నిమిషాలు, నూట ఎనభై సార్లు. ఆ మూడు నిమిషాల్లో నా గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టి ఉంటే బాగుండేది, మగ్గాన్ని మించే ఉంటుంది.

నేను వాల్వు దగ్గర, ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. కంప్రెసర్ మోతలో అక్కడి మాటలేవీ వినబడవు. మా బిడ్డ వీపు మాత్రం కనబడుతోంది. ఆమె తెర మీదికి వంగింది. కొలబద్ద కోసం చేయి చాపింది. వాళ్ల అవ్వ అందించింది. ఆమె కొలిచింది. ఇంకోసారి కొలిచింది. తర్వాత తెరను కాస్త తిప్పి ఏదో చెప్పింది. చాలాసేపు ఎవరో మాట్లాడారు, ఆమె విన్నది. తల ఊపింది. మళ్లీ విన్నది. నేను వాల్వు వదిలి వెళ్లలేను, మళ్లీ చేయమంటే ఒత్తిడి నిలిచి ఉండాలి. నిలబడి చూడడం తప్ప ఏమీ చేయలేను.

అప్పుడు ఆమె వెనక్కి తిరిగింది.

మగ్గాల షెడ్డులో మనిషి మాట మనిషికి వినబడదు. అందుకే మాకు సైగలు ఉంటాయి. దారం తెగింది అనడానికి ఒకటి, శేఠ్ వస్తున్నాడు అనడానికి ఒకటి. కుడి అరచేతిని షటిల్‌లా ఎడమకూ కుడికీ రెండుసార్లు జరిపితే, మగ్గం సరిగ్గా నడుస్తోంది, నువ్విక రానక్కర్లేదు అని. మా బిడ్డ ఈ సైగలు ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు. షెడ్డులో ఒక్కరోజు పనిచేసిన పిల్ల కాదు. ఆమె మాస్కు పైన కళ్లు మెరుస్తుంటే, కుడి అరచేతిని ఎడమకు జరిపింది, కుడికి జరిపింది. తర్వాత ఒక చేత్తో నాలుగు వేళ్లు చూపించింది.

ఆ వెనకే తెర మీద ఆమె సర్ ఏదో రాసుకుంటున్నాడు. బెంగళూరుకు పంపే పేరు అదేనని ఆయన అప్పటికే చెప్పేశాడట. ఆ మాట నాకు వాల్వు మూశాక గానీ తెలియలేదు. ఎందుకంటే నేను ముందు అడిగింది వేరే.

"నాలుగేనా? నాలుగు మీద ఎంత?"

"0.41 బాపూ! 0.41!"